కొండ ఎక్కింది, పార్కింగు దగ్గర ఆగింది

పెద్ద బైకు తీసుకున్నానని తెలిసిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "ఎంత స్పీడు పోతుంది?" ఎంత పోతుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత బరువుందో మాత్రం నా నడుముకు బాగా తెలుసు.

ఇన్నేళ్లూ నడిపింది 125 సీసీ బండి. 11 హార్స్‌పవర్, 120 కిలోలకు కాస్త అటూ ఇటూ. ఇప్పుడు నా దగ్గరున్నది 650 సీసీ, రెండు సిలిండర్లు, 47 హార్స్‌పవర్. ట్యాంకు నింపితే 200 కిలోలు దాటుతుంది. కొనేటప్పుడు అందరూ ఆ 47 గురించే మాట్లాడతారు, ఆ 200 ఊసు ఎవరూ ఎత్తరు. చిన్న బండి మీద చాలాసార్లు వెళ్లిన కొండకే దీన్ని కూడా తీసుకెళ్దామని బయల్దేరాను. తెలిసిన దారైతే తేడా తెలుస్తుంది కదా అని.

హైవే గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అదే ఆశ్చర్యం. పాత బండి మీద లారీని దాటడమంటే ఒక పెద్ద కార్యక్రమం. దూరం నుంచే ఎదురు ఖాళీ చూసుకోవాలి, గేరు దించాలి, ఇంజను అరుస్తుంటే ఒళ్లు ట్యాంకుకు ఆనించి దేవుడి మీద భారం వేయాలి. ఇప్పుడు టాప్ గేరులోనే మణికట్టు కొంచెం తిప్పితే చాలు, లారీ అద్దంలో కనిపిస్తుంది.

చిరాకు పెట్టింది గాలి. గాలిని ఆపే ముందు అద్దం లేని బండి కావడంతో గాలంతా ఛాతీకే తగిలింది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది, 60కీ 120కీ మధ్య తేడా అదే. 100 దాటాక మెడ నొప్పి మొదలైంది. ఇంజను మాత్రం ఏమీ పట్టనట్టు నింపాదిగా ఉంటుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఈ బండి మీద 100 అంటే పాత బండి మీద 60లా అనిపిస్తుంది. బ్రేకులకు అలా అనిపించదు. 60లో ఆగడానికి పట్టే దూరానికి దాదాపు మూడింతలు 100లో పడుతుంది, మన చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేలోపు దాటే దూరం కాక. అందుకే దారి పొడవునా స్పీడోమీటరు చూస్తూనే ఉన్నాను. పాత బండి మీద ఆ అవసరమే రాలేదు, అది వణికి మరీ చెప్పేది.

పెట్రోలు సంగతి చెప్పకపోవడమే మేలు. ట్యాంకు పెద్దది, మైలేజీ సగం. బంకు కోసం వెతుక్కోవడం ఇంతకుముందుకంటే ఎక్కువైంది.

ఘాట్ మొదలయ్యాక బరువు బయటపడింది. హెయిర్‌పిన్ వంపు దగ్గర చిన్న బండికి హ్యాండిల్ తిప్పితే సరిపోయేది. దీనికి ఫస్ట్ గేరులో కుదుపు, సెకండ్‌లో ఆగిపోతుందేమోనన్న భయం. చివరికి కుదిరిన పద్ధతి ఇది: క్లచ్ సగం పట్టి, యాక్సిలరేటర్ ఒకే తీరుగా, వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా, చూపు వంపు చివర మీద. హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకుంటే బండి పక్కకు ఒరిగిపోతుంది, 200 కిలోలు ఒరగడం మొదలయ్యాక ఆపడం ఎవరి వల్లా కాదు. ఒక వంపులో ఎదురుగా బస్సు వచ్చి సరిగ్గా నడుమ ఆగింది. వాలు ఉన్న వైపు కాలు దించుదామంటే నేల అందదు. వెనక బ్రేకు నొక్కిపట్టి, ఎగువ వైపు కాలు ఆనించి, ఆ బస్సు కదిలేదాకా ఊపిరి బిగపట్టుకుని నిలబడ్డాను. డ్రైవరు మాత్రం తీరిగ్గా ఫోన్ మాట్లాడుతున్నాడు.

పైకి చేరాక అసలు కథ మొదలైంది. పార్కింగు వాలులో ఉంది, దిగువన గోడ. వాలులో పెద్ద బండిని ముక్కు ఎగువకు పెట్టి, ఫస్ట్ గేరులో వదలాలి. అప్పుడు బరువంతా స్టాండు మీదికి ఒరిగి గట్టిగా నిలబడుతుంది. ముక్కు దిగువకు ఉంటే కాస్త ముందుకు జారినా స్టాండు మడుచుకుపోవచ్చు. ఇదంతా పార్కింగు కుర్రాడికి చెప్పాను.

"అందరూ గోడవైపే పెడుతున్నారు సార్, మీకొక్కరికే ఎందుకు?" అన్నాడు.

అందరివీ స్కూటర్లు, చిన్న బండ్లు. వెనక హారన్లు మొదలయ్యాయి. చేసేది లేక గోడవైపే పెట్టి, ముందు చక్రం గోడకు ఆనించి, గేరులో వదిలేసి వెళ్లాను. పైన ఏం చూశానో సరిగ్గా గుర్తులేదు. మనసంతా స్టాండు మీదే ఉంది.

తిరిగి వచ్చేసరికి రెండు పక్కలా స్కూటర్లు. బండిని వెనక్కి, అంటే ఎగువకు లాగాలి. రివర్స్ గేరు లేదు. కాళ్లతో తోస్తే చెప్పులు జారే నేల, బూట్లు ఉన్నా అంతే. కుర్రాడు అటు తిరిగి రసీదులు చింపుతున్నాడు. ఈసారి సాయం అడగడానికి నాకూ మనసొప్పలేదు.

పాత 100 సీసీ బండి మీద వచ్చిన పెద్దాయన ఒకాయన కాసేపు చూసి దగ్గరికి వచ్చాడు. "తమ్ముడూ, తొయ్యకు. ఊపు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. న్యూట్రల్ చేయించాడు. ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకు గట్టిగా అదమమన్నాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగు గొట్టాలు, అదే ఫోర్కులు, కిందికి దిగి మళ్లీ పైకి లేస్తాయి కదా, సరిగ్గా ఆ లేచే క్షణంలో బ్రేకు వదిలి వెనక్కి తొయ్యాలట. వదలగానే జానెడు వెనక్కి వచ్చింది. వెంటనే బ్రేకు. మళ్లీ అదుము, మళ్లీ వదులు. ఆయన వెనక కమ్మీ పట్టుకుని లాగుతూ, పక్క స్కూటర్ల అద్దాలు చూసుకుంటూ, "ఆ... ఇప్పుడు... ఆగు" అంటూ లెక్క చెప్పాడు. పది నిమిషాలు పట్టిందేమో, చొక్కా తడిసిపోయింది.

"అన్నా, మీరూ పెద్ద బండి నడిపేవారా?" అని అడిగాను.

"వయసులో ఉన్నప్పుడు. మోకాళ్లు పోయాక ఇది" అని తన బండి చూపించి, కిక్ కొట్టి వెళ్లిపోయాడు. దాన్ని ఆయన ఒక్క చేత్తో తిప్పుకున్న తీరు చూస్తే నాకు కడుపు మండింది, నిజం చెప్పాలంటే.

దిగేటప్పుడు ఇంకో విషయం గమనించాను. సెకండ్ గేరులో యాక్సిలరేటర్ వదిలితే చాలు, బ్రేకు వేసినంతగా బండి నెమ్మదిస్తుంది. కానీ వెనక బ్రేకు లైటు వెలగదు. ఒక కారు నా వెనక చక్రానికి మరీ దగ్గరగా వచ్చి హారన్ కొట్టాక, ప్రతి వంపుకు ముందూ బ్రేకు లీవరు ఊరికే తాకి లైటు వెలిగిస్తూ దిగాను.

వాన వెలిశాక మళ్లీ వెళ్తాను. ఆ పార్కింగుకు మాత్రం కాదు. దానికి అర కిలోమీటరు ముందు రోడ్డు పక్కన చదును జాగా ఒకటి చూసి పెట్టుకున్నాను, అక్కడ ఆపి నడుస్తాను.