ఎస్పీఎల్ నామినేషన్లు

మా బళ్ళో ఈ రోజు నుంచి ఎస్పీఎల్, అంటే స్కూల్ ప్యూపిల్ లీడర్, ఎన్నికకి నామినేషన్లు. స్టాఫ్‌రూం వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. పాత ప్రశ్నపత్రాల వెనకవైపు గీతలు కొట్టి ఫారాలు చేశాం. పేరు, తరగతి, బలపరిచే ఇద్దరి సంతకాలు, గెలిస్తే ఏం చేస్తారో రెండు వాక్యాలు. బలపరిచే ఇద్దరిలో ఒకరు వేరే పేటవాళ్ళయి ఉండాలన్న నిబంధన నాది. ఎందుకో ఈ ప్రాంతం సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పంచాయతీ ఎన్నికల్లో ఓట్లు పేటలవారీగా ఎలా పడతాయో పిల్లలు చూస్తూనే పెరుగుతారు.

ఇంటర్వెల్‌కి మూగేశారు. మొదటి ప్రశ్న, "నోటా ఉంటదాండి టీచర్?" 2013లో సుప్రీంకోర్టు నోటా పెట్టమన్న పాఠం మొన్ననే చెప్పాను, అప్పుడే నా మీద ప్రయోగం. ఉంటుందన్నాను. మధ్యాహ్నానికల్లా ఒకడు చాక్లెట్లు పంచుతున్నాడని ఫిర్యాదు. పిలిచి అడిగితే పుట్టినరోజన్నాడు. అడ్మిషన్ రిజిస్టర్‌లో చూస్తే డిసెంబరు అని ఉంది. "అది బడిలో వేసిందండి, అసలుది ఈరోజేనండి" అన్నాడు. నా పుట్టినరోజు సంగతీ అంతే కాబట్టి ఇంక నేనేం మాట్లాడతాను!

ఈ ఏడు ఇంకో మార్పు కూడా చేశాం. మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే పని లీడర్లకి ఉండదు. ఇది చెప్పగానే ఏడో తరగతిలో ఒక పిల్ల నిజంగానే అయోమయంగా అడిగింది: "మరి లీడర్ ఏం చేస్తారండి?" నా చిన్నప్పుడు మా క్లాసు లీడరు సుద్దముక్క పట్టుకుంటే చాలు, మాకు గుండె దడ. ఎక్కువ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కులు. ఒక జామకాయ ఇస్తే ఒక ఇంటూ పోయేది, పేరు మొత్తం చెరపాలంటే రేగివడియాల పొట్లం. లంచం అన్న మాట ఇంకా పాఠాల్లోకి రాకముందే రేట్లు మాకు కంఠతా వచ్చు.

భోజనాల దగ్గర ఈ రోజు పదో తరగతి ఫస్ట్ ర్యాంకు అమ్మాయి డ్యూటీ. నామినేషన్ వేయాలంటే అంతకుముందు ఏదో ఒక పని భుజాన వేసుకుని ఉండాలని ముందే చెప్పాం. చేతిలో స్కేలు, నోట్లో ఈల. లైను గీత గీసినట్టు ఉంది. ఆ లైను చివర ఆరో తరగతి చంటోడొకడు పళ్ళెం గుండెలకి ఆనించుకుని నిలబడ్డాడు. వాడి గుడ్డు జారి మట్టిలో పడిపోయింది. ఏడుపు గొంతు దాకా వచ్చి ఆగి ఉంది. వంటామె చూసి, గరిటె పక్కన పెట్టి, తన వంతు గుడ్డు తెచ్చి వాడి పళ్ళెంలో వేసింది. తర్వాత అమ్మాయిని పిలిచి, వాడిని చూడలేదా అని అడిగాను. "లైను చూడమన్నారు కదండి, లైనే చూశానండి" అంది. నిజమే మరి. మేం చెప్పింది లైను గురించే. మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. ఆవిడ మా కోనసీమ మనిషే, లంకల గన్నవరం ఆవిడ. గోదారి దాటి వచ్చినవాళ్ళకి వేళ కాని వేళలో కూడా వండిపెట్టింది. ఆవిడ ఈల వేసి లైను కట్టించిందని మాత్రం ఎవరూ చెప్పుకోరు.

స్టాఫ్‌రూంలో హెచ్ఎం గారికి బ్యాడ్జీలు, సాష్‌ల మీద మనసుంది. పక్క ఊరి ప్రైవేటు స్కూల్లో హెడ్ బాయ్, హెడ్ గర్ల్, ప్రిఫెక్టులు అంటూ మార్చ్‌పాస్ట్ చేయిస్తున్నారట. పెట్టుకోవచ్చు, పిల్లలకి సరదా. కానీ ఆ ప్రిఫెక్టుల పద్ధతి ఇంగ్లండు హాస్టలు బళ్ళలో పుట్టింది. 1828లో రగ్బీ స్కూలుకి హెడ్‌మాస్టరుగా వచ్చిన థామస్ ఆర్నాల్డ్ దాన్ని గట్టిగా నిలబెట్టాడు. అక్కడ పెద్ద పిల్లలకి చిన్నపిల్లల్ని బెత్తంతో కొట్టే అధికారం కూడా ఉండేది. దానికంటే ముందే మద్రాసు ఎగ్మూరులో, సైనికుల అనాథ పిల్లల బడి చూసే ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు దొర మన వీధిబడి పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలోనూ ఆ ఇసకే పరిపించి, కాస్త వచ్చిన పిల్లవాడిచేత రానివాడికి చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేస్తే మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. ఇదంతా చెబితే లెక్కల మాస్టారు "అమ్మా, సోషల్ పీరియడ్ అయిపోయింది" అన్నారు.

అసలు నా కన్ను తొమ్మిదో తరగతిలో ఒకడి మీద ఉంది. గోదారి మధ్య దీవి, అవతలి లంక వాడు. మార్కులు అంతంతమాత్రం. గోదారికి వరద ఎర్రనీరు వచ్చి గట్టు దారి మునిగిపోయిన దగ్గర్నుంచి ఆ పిల్లలందరికీ పడవే దిక్కు. సాయంత్రం రేవులో చూశాను. చిన్నవాళ్ళని మధ్యలో కూచోబెట్టాడు, బ్యాగులన్నీ ఒకచోట వేయించాడు, వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టాడు, అప్పుడు గానీ పడవాయనకి ఊఁ అనలేదు. వాడికిది ఎవరూ అప్పజెప్పిన పని కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంక పిల్లల్ని పెందలాడే పంపేయాలి. ఆ హడావిడిలో మాకు ఆసరా వీడే.

నామినేషన్ వేయరా అంటే తల అడ్డంగా ఊపాడు. "ఎస్పీఎల్ ఎనిమిదీ ముప్పావుకల్లా మైకు దగ్గరుండాలి కదండి. అప్పటికి మా పడవ అవతలే ఉంటదండి."

హెచ్ఎం గారి గదిలో పాత ఎస్పీఎల్‌ల పేర్ల బోర్డు ఉంది. వెళ్ళి చదివాను. లంక పిల్లల పేరు ఒక్కటీ లేదు. ఎవరూ కావాలని తీసేసింది కాదు, ప్రేయర్ టైమే తీసేసింది. ప్రతిజ్ఞ రోజుకో తరగతి చెప్పిస్తే సరిపోతుంది, ఎస్పీఎల్ మైకు దగ్గరే ఉండాలని ఏముందన్నాను. పీఈటీ మాస్టారు ఒప్పుకోలేదు. కమాండ్ ఒక గొంతే ఇవ్వాలట. హెచ్ఎం గారు "చూద్దాం లెండి" అన్నారు. ఆయన చూద్దామంటే సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగానికి రేపు లెక్కల మాస్టారిని వెంటబెట్టుకుని వెళ్ళాలి.

బల్ల తీసేస్తుంటే, అదే పడవలో వచ్చే ఎనిమిదో తరగతి పిల్ల ఫారం పట్టుకొచ్చింది. "అన్నయ్య నిలబడనంటున్నాడండి, నేను నిలబడతానండి." ఏం చేస్తావన్న చోట ఒక్క వాక్యమే రాసింది: లైఫ్ జాకెట్లు చిన్నపిల్లల సైజువి తెప్పిస్తాను. బలపరిచిన సంతకాలు రెండూ లంకవాళ్ళవే. నిబంధన చూపించాను. చదువుకుని, ఫారం మడిచి, "ఇవతల పేటలో మా ఫ్రెండుందండి, పడవ కదిలేలోపు పెట్టించుకొస్తాను" అని పరుగెత్తింది.