కప్పలు వస్తాయి సరే, ఉండాలి కదా

మా చిన్నమ్మ కొడుకు ఇంగ్లాండులో ఉంటాడు. ఇంటి వెనక చిన్న నీటి గుంట తవ్వుకున్నాడు, అందులోకి న్యూట్ వచ్చిందని పోయినేడు ఫోటో పంపాడు. న్యూట్ అంటే కప్పకు చుట్టమే, కాకపోతే పెద్దయ్యాక కూడా తోక పోదు, చూస్తే తడిసిన బల్లిలా ఉంటుంది. ఒక్కో గుడ్డును ఒక్కో ఆకులో మడిచి దాస్తుందట. అక్కడ శిఖ ఉన్న పెద్ద రకం న్యూట్‌కి చట్టం రక్షణ ఉంది, అది ఉన్న గుంటను ఇష్టమొచ్చినట్టు పూడ్చి ఇల్లు కట్టుకోవడం కుదరదు. "అక్కా, మీ దగ్గరికి కూడా వస్తాయా?" అని అడిగాడు. రావురా నాయనా. మన దేశంలో ఆ తోక జాతి డార్జిలింగ్, సిక్కిం, ఈశాన్య కొండల్లోనే ఉంది, వరంగల్ ఎండకు అది ఒక్క పూట నిలవదు. మనకున్నవి కప్పలే. వాటిని మా పెరట్లో నిలుపుకోవడానికే నాకు నాలుగేళ్లు పట్టింది, ఆ గొడవంతా ఒకసారి రాసి పెడదామని.

మా ఇల్లు హనుమకొండ చివర, హసన్‌పర్తి వెళ్లే వైపు. వెనక ప్లాట్లు కాకుండా ఇంకా రెండు మూడు మడులు మిగిలాయి. ఊళ్లో బర్రెలను అమ్మేసినప్పుడు అత్తమ్మ కుడితి గోలెం ఒకటి వెంట తెచ్చుకుంది. ఎందుకంటే ఆమెకే తెలియదు, పారేయబుద్ధి కాలేదంతే. దాన్ని మామిడి చెట్టు కింద సగం దాకా పాతి, నీళ్లు నింపి, కలువ దుంప ఒకటి వేశాను. మిరుగు, అంటే మృగశిర కార్తె, వెళ్లిన రెండో వారం పొద్దున్నే చూస్తే గోదురు కప్ప ఒకటి తెల్లటి పొట్ట పైకి పెట్టి, కాళ్లు బార చాపి తేలుతోంది. కప్ప నీళ్లలో మునిగి చావడమేంది అని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తర్వాత తెలిసింది, ఒళ్లంతా గుల్లలుండే ఆ కప్ప నేల మీద బతికేది, గుడ్లు పెట్టడానికి తప్ప దానికి నిండు నీళ్లతో పనిలేదు. గోలెం లోపలి గోడ నున్నగా, నిటారుగా ఉంటుంది కదా, ఎక్కలేక రాత్రంతా ఈది ఈది సత్తువ అయిపోయి చచ్చిపోతుంది. ఆ రోజే శాబాదు బండ ముక్కొకటి ఏటవాలుగా లోపలికి దించాను. మీ ఇంట్లో సంపు అయినా, సిమెంటు తొట్టి అయినా, ఇంకేం చేయకపోయినా ఒక కట్టె ముక్కో ఇటుక మెట్లో లోపల పెట్టండి. ఉడతలు కూడా బతుకుతాయి.

ఆ తర్వాతి ఏడు గోలెం పక్కనే గుంట తవ్వించాం. పొడవు 8 అడుగులు, వెడల్పు 5, నడుమ లోతు 2 అడుగులు, ఒక వైపు మాత్రం పళ్లెంలా మెల్లగా లోతు పెరిగేలా. మొదట మామూలు నీలం టార్పాలిన్ వేస్తే రెండు నెలలకే కారిపోయింది, చేపల గుంటలకు వేసే మందం షీటు వేస్తేగానీ నిలవలేదు. దాని మీద మడిలోని నల్లమట్టి నాలుగు తట్టలు, అంచున తుంగ, రెండు మెట్టతామర దుంపలు. సగం గుంటకు మామిడి నీడ ఉంది, అది లేకపోతే మే నెలలో ఆ నీళ్లు చాయ్ పెట్టుకోవడానికే పనికొస్తాయి.

నీళ్లు పెట్టిన పది రోజులకే కప్ప వచ్చింది. ఎవరూ తేలేదు. మనం దగ్గరికి పోగానే నీళ్ల మీద రాయి విసిరితే ఎగిరినట్టు టపటపా గెంతుకుంటూ పోయే చిన్న కప్ప ఒకటుంటుంది చూడండి, చెరువు గట్ల మీద, కాలువల్లో అంతటా ఉంటుంది, ముందుగా అదే దిగింది. పక్కింటి పిల్లలకు హుషారెక్కి మడిలోంచి ఒక కవరు నిండా తోకకప్పలు, అంటే ఇంకా తోక పోని కప్ప పిల్లలు, పట్టుకొచ్చారు. పొయ్యనివ్వలేదు, అలిగారు. కప్పల చర్మానికి పట్టే బూజు రోగం ఒకటుంది, ఆస్ట్రేలియాలో, మధ్య అమెరికాలో కొన్ని జాతులు దానివల్లే పూర్తిగా పోయాయి. అలాంటివి నీళ్లతో పాటు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పాకుతాయి. అదొక్కటే కాదు, పెద్ద కప్పల్ని పట్టుకొచ్చి వదిలినా అవి ఉండవు, రాత్రికి రాత్రే తమ జాగా వెతుక్కుంటూ రోడ్డు దాటబోయి బండ్ల కింద పడతాయి. ఇష్టమైతే అవే రావాలి.

ఇక ఆ మరుసటి ఏడు, 2023 జులై ఆఖర్లో, ఆ వాన గుర్తుంది కదా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కొట్టిన వాన. హనుమకొండలో కాలనీలు మునిగాయి. మా పెరట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీసిన తర్వాత చూస్తే గుంట నిండా వేలంత చేప పిల్లలు, ఏ కాలువలోంచి కొట్టుకొచ్చాయో. నేను మురిసిపోయాను, ఫోటోలు కూడా పెట్టాను. ఆ సీజన్లో కప్పలు రాత్రంతా అరిచాయి, గుడ్లు పెట్టాయి, ఒక్క తోకకప్ప మిగల్లేదు. చేపకు కప్ప గుడ్డంటే మురుకుల ముక్క లెక్క. జిలేబీ చేపైనా, దోమల కోసం వదిలే గంబూసియా చేపైనా, అక్వేరియం షాపుల్లో అమ్మే గప్పీ అయినా అంతే, చేపలు కావాలా కప్పలు కావాలా తేల్చుకోవాల్సిందే. 2024 వేసవిలో నీళ్లు పోయకుండా ఎండనిచ్చాను. ఎండిపోతే కప్పలకేం కాదా అని అడుగుతారు, వాటికి ఎండిపోయే గుంటలు కొత్త కాదు, మన మడులూ కుంటలూ ఏటా ఎండేవే, నేలలోకి, బండల కిందికి, బొక్కల్లోకి పోయి వాన దాకా కదలకుండా ఉంటాయి. చాలా చేపలకు ఆ వీలు ఉండదు.

నాకు అసలు విషయం తట్టింది కూడా ఆ వేసవిలోనే. అప్పటిదాకా నేను నీళ్ల గురించే ఆలోచించాను. కప్పకు గుంట అంటే పుట్టిల్లు, అంతే, ఏడాదిలో ఎక్కువ రోజులు కాపురం చేసేది గట్టు మీద, చల్లగా తడిగా ఉండే చీకటి మూలల్లో. నేనేమో గట్టంతా తాండూరు బండలు పరిచి అద్దంలా ఊడ్చి పెట్టాను. రాత్రి వచ్చి తెల్లారేసరికి పోయేవి, పోకేం చేస్తాయి, పగలు దాక్కోవడానికి ఒక్క ఆకైనా ఉంచలేదు. బండలు సగం తీసేశాను. వెనక మూలన మామిడి ఆకుల కుప్ప, పగిలిన కుండ పెంకులు బోర్లించి, పాత పెంకుటిల్లు పెంకులు ఒకదాని మీద ఒకటి, మధ్యలో కుళ్లుతున్న మొద్దు ఒకటి. వారానికి రెండు బకెట్లు నీళ్లు చల్లుతాను. ఇప్పుడు ఏ పెంకు లేపినా ఒకటి కూర్చుని ఉంటుంది, విసుగ్గా చూస్తుంది, మళ్లీ మూసేస్తాను.

మందుల సంగతి కూడా చెప్పాలి. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది, కాబట్టి నేల మీద ఏం పోస్తే అది దాని ఒంట్లోకి పోయినట్టే. వాకిలి కడిగిన ఫినాయిల్ నీళ్లు, మోరీ దగ్గర చల్లే బ్లీచింగ్ పొడి, బాటల మీద కొట్టే గడ్డి మందు, కూరగాయల మళ్లలో వేసే గుళికలు, ఏదీ అటు పోకుండా చిన్న కట్ట వేయించాను. నల్లా నీళ్లయితే రెండు రోజులు డ్రమ్ములో మూత లేకుండా ఉంచి, క్లోరిన్ పోయాక పోస్తాను. వానాకాలంలో ఆ తిప్పలు లేవు, డాబా మీది పైపును అటు తిప్పేశాం.

పాముల గురించి అత్తమ్మతో రోజూ యుద్ధమే. "కప్పలున్న కాడికి పాములు రావా? నీకు చదువెక్కువైంది" అంటుంది. ఆమె మాట తప్పని నేను అనను. కప్పల కోసం వచ్చేది ఎక్కువగా నీరుకట్టె, దానికి విషం లేదు, కానీ నాగుపాము కూడా కప్పల్ని తింటుంది, ఆకుల కుప్ప కప్పకు ఎంత చల్లనో దానికీ అంతే చల్లన. అందుకే ఆ చెత్తంతా తలుపుకు దూరంగా, పెరటి చివరి మూలనే పెట్టాను. గుంట దాకా నాలుగడుగుల బాట పూర్తిగా ఖాళీ, రాత్రి టార్చ్ లేకుండా ఎవరూ దిగొద్దు, పెంకులు చేత్తో లేపొద్దు, కట్టెతోనే. నడవడం మొదలుపెట్టిన పసిపిల్లలున్న ఇంట్లో అయితే గుంటే వద్దంటాను, రెండడుగుల నీళ్లు వాళ్లకు చాలా ఎక్కువ.

దోమల మందు పోసే పిలగాడు కూడా వచ్చాడు, "మేడం, నీళ్లు నిల్వ పెట్టొద్దు, తీసేయాలె" అన్నాడు. తిట్టాల్సిన పనేం లేదు, డెంగీ రోజులు, వాడి డ్యూటీ వాడిది. గరిటెతో నాలుగైదు చోట్ల ముంచి చూపించాను, తూనీగ పిల్లలు, నీటి పురుగులు ఉన్నాయి గానీ దోమ పిల్లలు కనపడలేదు. అదే గరిటె మా ఎయిర్ కూలర్ అడుగున ముంచితే గిలగిలా కొట్టుకుంటూ పది వచ్చాయి, పరువు పోయింది. డెంగీ దోమకు కూలర్లు, టైర్లు, పూలకుండీల కింది ప్లేట్లు ఎక్కువ ఇష్టం. అయినా కప్పలుంటే దోమలుండవన్నది సగం మాటే, గోదురు కప్ప దృష్టంతా చీమలు, చెదలు, పురుగుల మీద. అందుకని వారానికోసారి గరిటె పరీక్ష ఇప్పటికీ చేస్తాను, దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే పడుతుంది.

పోయిన ఆగస్టులో, ముసురు పట్టిన మూడో రోజు, అత్తమ్మ పొద్దున్నే కేకేసింది. "ఏమే, గోలెం అంచుకు సబ్బు నురగ ఎవరు పూసిన్రు?" చూస్తే నీళ్లకు జానెడు పైన, లోపలి గోడకు, చల్ల చిలికితే కవ్వానికి పట్టే నురగ లాంటి తెల్లటి ముద్ద, పిడికిలంత. కడగబోతుంటే ఆపాను. అది చెట్టు కప్ప గూడు. బాత్రూం గోడకు అంటుకుని మనల్ని భయపెట్టే గోధుమరంగు కప్ప ఉంటుంది కదా, వేళ్ల చివర గుండ్రటి దిమ్మలతో, అదే. ఆడకప్ప వెనక కాళ్లతో చిలికి చిలికి నురగ చేసి అందులో గుడ్లు పెడుతుంది, నీళ్లలో ఉండే పురుగులకు గుడ్లు అందకుండా. సాయంత్రానికి నురగ పైపొర గట్టిపడి లేత గోధుమ రంగుకు తిరిగింది, లోపల తడిగానే ఉంది. నాలుగో రోజు కింది భాగం జారుగా అయింది. నేను, అత్తమ్మ స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. ఒక చుక్క సాగింది, సాగి సాగి తెగి నీళ్లలో పడింది, ఆ చుక్కలో ఆవగింజంత తల, వెంట్రుకంత తోక. పడగానే ఈదింది. తర్వాత ఇంకోటి. అత్తమ్మ చాయ్ చల్లారిపోయింది, మళ్లీ పెట్టమని అడగలేదు కూడా.

ఆమె చిన్నప్పుడు వానలు పడకపోతే రోకలికి కప్పను కట్టి, వేపకొమ్మలు చుట్టి, ఇంటింటికీ కప్పతల్లి ఆడేవాళ్లట, ఇంటామె బిందెడు నీళ్లు పోసేదట. "పాపం దానికి ఊపిరాడేదో లేదో" అంటుంది ఇప్పుడు. నేను మాత్రం తక్కువ తిన్నానా, ఇంటర్ బైపీసీలో కప్పను ట్రేకి గుండుపిన్నులతో గుచ్చి కోసినదాన్నే.

తొలకరికి నిమ్మపండు రంగు తిరిగి, గొంతు రెండు పక్కలా నీలం బుడగలు ఊదుతూ అరిచే పెద్ద కప్పలు మాత్రం మా గుంటకు ఇప్పటిదాకా రాలేదు. వెనక మడిలో అరుస్తాయి, వినిపిస్తాయి. ఒకప్పుడు వాటి కాళ్లను విదేశాలకు పంపేవాళ్లు, 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు. నిజానికి అవి రాకపోతేనే మంచిదేమో, చిన్న కప్పల్ని కూడా మింగేస్తాయి. అయినా చూడాలని ఉంది, ఏం చేయను.

ఇక ముందు అవి రావాలన్నా మా ప్రహరీయే అడ్డమవుతుందని ఈ మధ్యే అర్థమైంది. మడి వైపు కంచె ఉన్నన్నాళ్లు కప్పలు దూరి వచ్చేవి. ఇప్పుడు ఆ వైపూ గోడ కడుతున్నాం, నేల నుంచి ఐదడుగులు, కన్నం లేదు. మొన్న మేస్త్రీతో కింది వరుసలో రెండు చోట్ల ఇటుక వదిలేయమన్నాను.

"వాన నీళ్లు పోవడానికా అమ్మా?" అన్నాడు.

అవునన్నాను.