మిద్దె మీద గదిలో ల్యాగ్: పింగ్ ఎక్కడ ఎగురుతోందో పట్టుకున్న తీరు

స్పీడ్ టెస్ట్ పెడితే వంద ఎంబీపీఎస్ నిండుగా వస్తుంది. ఆటలోకి దిగితే మాత్రం ఉన్నట్టుండి బొమ్మ బిగుసుకుపోయి, ఎదుటివాడు నాలుగడుగులు అవతల తేలతాడు. నెల్లూరులో మా ఇంట్లో వేలరంట్ అనే షూటింగ్ ఆట ఆడే కంప్యూటర్ మిద్దె మీద గదిలో ఉంది, ఫైబర్ డబ్బా కింద హాల్లో టీవీ పక్కన ఉంది. మధ్యలో ఒక స్లాబు, రెండు తొమ్మిదంగుళాల గోడలు. కావలిలోనైనా ఒంగోలులోనైనా ఇళ్ళ కట్టుబడి ఇంచుమించు ఇంతే కాబట్టి, నేను వెతికిన వరుస చాలామందికి పనికొస్తుంది.

ముందు ఒక మాట. లైను చూడ్డానికి వచ్చిన కుర్రాడు "స్పీడ్ వస్తా ఉంది గదన్నా" అంటాడు. అతను చెప్పింది నిజమే, కానీ ఆటకు స్పీడ్‌తో పని తక్కువ. ఆట వాడుకునేది సెకనుకు కొన్ని వందల కిలోబిట్లు మాత్రమే. కావాల్సింది ఆ కాస్తా వేళకు చేరడం. వేలరంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు, అంటే 7.8 మిల్లీసెకన్లకు ఒకసారి లెక్క చూసుకుంటుంది. 200 మిల్లీసెకన్లు ప్యాకెట్లు, అంటే ఆట పంపుకునే డేటా ముక్కలు, ఆగితే పాతిక లెక్కలు తప్పిపోయినట్టే. స్పీడ్ టెస్ట్ పది పదిహేను సెకన్ల సగటు చూపిస్తుంది, ఆ 200 అందులో కలిసిపోయి కనపడదు.

పింగ్ అంటే ప్యాకెట్ అవతలికి పోయి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు. దూరం వల్ల వచ్చే పింగ్‌ను కూడా ముందే పక్కన పెట్టేశాను. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి వెయ్యి కిలోమీటర్లు పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు. ముంబై ఇక్కడికి తిన్నగా గీత గీసినా తొమ్మిది వందల కిలోమీటర్ల పైమాటే. కేబుల్ తిరిగే దారి ఇంకా ఎక్కువ, దారిలో పరికరాలు వేసే ఆలస్యం వేరు. అందుకని ముంబై సర్వర్‌కు 30, 40 నిలకడగా ఉంటే దాని గురించి దిగులు అక్కర్లేదు. కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి వాటికి చెన్నైలోనూ సర్వర్లున్నాయి, అక్కడికి ఇంకా తగ్గొచ్చు. నిలకడైన 40 మేలు. 20 చూపిస్తూ మధ్యమధ్య 250కి ఎగిరేదే ఆటను చెడగొడుతుంది.

ఏ సెట్టింగూ ముట్టుకోకముందే చేయాల్సిన పని ఒకటుంది. కంప్యూటర్లో రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరిచి పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకదాంట్లో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి రౌటర్ చిరునామా, మళ్ళీ ఖాళీ వదిలి మైనస్ టి. మా రౌటర్‌ది 192.168.1.1. మీది వేరైతే ఐపీకాన్ఫిగ్ కొడితే డిఫాల్ట్ గేట్‌వే దగ్గర కనిపిస్తుంది. రెండో దాంట్లో అట్టాగే బయట ఇంటర్నెట్‌లో ఉండే 1.1.1.1కి. ఆట ఆడుతూ రెండూ నడవనివ్వాలి, ఎగిరినప్పుడు గడియారం చూసి రాసుకోవాలి. కంట్రోల్ సీ నొక్కితే కనిష్ఠం, గరిష్ఠం, సగటు, పోయిన ప్యాకెట్లు అన్నీ చూపిస్తుంది.

చదవడం తేలిక. రెండు కిటికీల్లోనూ ఒకేసారి ఎగిరితే తప్పు ఇంట్లోనే, కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్య గాలిలో, అంటే వైఫైలో ఉంది. రౌటర్ పింగ్ 2, 3 దగ్గర కదలకుండా ఉండి బయటిది మాత్రమే ఎగిరితే తప్పు రౌటర్ అవతల. ఒక్క జాగ్రత్త: చవక రౌటర్లు పని ఎక్కువైనప్పుడు పింగ్‌కు జవాబు ఆలస్యంగా ఇస్తాయి. అందుకని ఒక పొడుగు ల్యాన్ కేబుల్ తెచ్చి మెట్ల మీదుగా తాత్కాలికంగా పరిచి అదే పరీక్ష మళ్ళీ చేశాను. కేబుల్ మీద రౌటర్ పింగ్ 1 కంటే తక్కువలో నిలబడింది. అంటే రౌటర్ బాగానే ఉంది, గాలిలోనే ఇబ్బంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా రౌటర్ మార్చడం, ప్లాన్ పెంచడం డబ్బు దండగ.

వైఫై మీద ఎగరడాల్లో రెండు రకాలు తేలాయి. ఒకటి గడియారం కొట్టినట్టు సమానమైన ఎడంతో వచ్చేది. రెండోది రాత్రిపూట వేళాపాళా లేకుండా వచ్చేది. ఈ రెంటికీ కారణాలు వేరు.

సమానమైన ఎడంతో వస్తే వైఫై కార్డు చుట్టుపక్కల నెట్‌వర్క్‌ల కోసం వెతుకుతోందన్న మాట. వెతకాలంటే తాను మాట్లాడుతున్న ఛానల్ వదిలి మిగతా ఛానళ్ళన్నీ ఒక్కొక్కటే విని రావాలి. రౌటర్లు తమ ఉనికి చాటే బీకన్ సుమారు 102 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది, దాన్ని వినాలంటే ఒక్కో ఛానల్‌లో అంతసేపు ఆగాలి. ఆ వ్యవధిలో ఆట ప్యాకెట్లు ఆగిపోతాయి. దీనికి చేసినవి ఇవి. విండోస్ సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేశాను, ఎందుకంటే లొకేషన్ అడిగిన ప్రతి యాప్ కోసం వైఫై వెతుకులాట మొదలవుతుంది. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్‌ను (ఇంకో సిగ్నల్‌కు మారాలని కార్డు పడే ఆరాటం) అన్నిటికంటే తక్కువకు, ప్రిఫర్డ్ బ్యాండ్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాను. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు ఆదాకు ఈ పరికరాన్ని ఆపొచ్చు అన్న టిక్ తీసేశాను. డ్రైవర్‌ను కార్డు తయారుచేసిన కంపెనీ సైటు నుంచి తెచ్చి వేశాను.

అప్పటికీ తగ్గకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూల్యాన్ ఆదేశంతో, నెట్‌వర్క్‌లను తనంతట తనే వెతికే ఆటోకాన్ఫిగ్‌ను ఆపొచ్చు. వెతుకులాట ఆగుతుంది. అయితే వైఫైకి కలిసిన తర్వాతే ఆపాలి, ఆట అయ్యాక తిరిగి ఆన్ చేయాలి. లేకపోతే మరుసటి రోజు కంప్యూటర్‌కు ఒక్క నెట్‌వర్క్ కూడా కనిపించదు, కార్డు పాడైందని కంగారు పడతారు. నేనైతే దీన్ని పరీక్షగానే వాడతాను. ఆపినప్పుడు ఎగరడం ఆగిందంటే కారణం ఖాయమైనట్టే, ఆపైన డ్రైవర్ వైపు వెతకాలి.

ఫోనులో బీజీఎంఐ ఆడేవాళ్ళకూ ఇదే జబ్బు. ఆండ్రాయిడ్‌లో లొకేషన్ సెట్టింగ్స్ లోపల వైఫై స్కానింగ్ అని ఉంటుంది, అది ఆపండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి, కాబట్టి ఫోన్ 2.4 వైఫై మీద ఉంటే రెండూ ఒకే చోట పోట్లాడుకుంటాయి. వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే శబ్దం ఆలస్యం కావడమూ పోతుంది.

ఇక రాత్రి ఎగరడం. వైఫై అంటే అందరికీ కలిపి ఒకే మైకు, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాల్సిందే. ఆ అందరిలో పక్కింటి రౌటర్, ఎదురింటి సీసీ కెమెరా కూడా ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని ఛానళ్ళు మూడే: 1, 6, 11. ఇళ్ళు గోడ ఆనుకుని ఉండే వీధుల్లో ఫోనులో వైఫై అనలైజర్ పెట్టి చూస్తే ఆ మూడింటి మీదా గీతలు గుట్టలుగా కనిపిస్తాయి. అక్కడ ఏ ఛానల్ మార్చినా ఒరిగేది తక్కువ. ఆటను 2.4 మీద నడపాలన్న ఆలోచనే మానుకోవాలి. ఇంట్లో కెమెరా, టీవీ, పాత ఫోన్లు 2.4లో ఉండనిచ్చి, దాని ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు కట్టేసి, 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టాను. రెంటికీ ఒకే పేరుంటే కంప్యూటర్ ఏ క్షణాన దేనికి దూకుతుందో చెప్పలేం. అలా దూకినప్పుడు కూడా పింగ్ ఎగురుతుంది.

2.4 తప్ప గతి లేనివాళ్ళు ఒకటి చూసుకోవాలి. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కు, దాని కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే పత్రం ప్రచురించింది. వైఫై డాంగిల్‌ను హార్డ్ డిస్కు పక్క పోర్టులో గుచ్చి ఉంటే, ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు వేసి దూరంగా జరపండి.

5 గిగాహెర్ట్జ్‌లో ఛానల్‌ను ఆటోలో వదలకూడదు. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్ళలో రౌటర్ రాడార్ కోసం చెవి ఒగ్గి ఉంటుంది. రాడార్ అని అనుమానం వస్తే ఛానల్ ఖాళీ చేసి పోతుంది, అదే గుంపులో ఇంకో ఛానల్ ఎంచుకుంటే మొదలుపెట్టే ముందు కనీసం 60 సెకన్లు విని చూస్తుంది. ఆట మధ్యలో నెట్ మొత్తం పోయి నిమిషం తర్వాత వచ్చే రకం చాలాసార్లు ఇదే. 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 మధ్య పెట్టుకోవాలి. మిద్దె మీద గదికి మా రౌటర్ 149లో గట్టిగా అందింది. వెడల్పు 80 నుంచి 40 మెగాహెర్ట్జ్‌కు తగ్గించాను. స్పీడ్ టెస్ట్ అంకె తగ్గుతుంది నిజమే, కానీ వెడల్పు సగమైతే వినిపించే రొద కూడా సగమవుతుంది, అంటే 3 డెసిబెల్స్ లాభం. గోడల అవతలికి ఆ 3 చాలా విలువైనవి.

వీటన్నిటికంటే ఎక్కువ తేడా రౌటర్ జాగా మార్చడం వల్ల వచ్చింది. మన ఇళ్ళలో డబ్బాను టీవీ యూనిట్ లోపల, టీవీ వెనకాల దాచేస్తారు, పక్కనే ఇనప బీరువా. రేకు, అద్దం వెనక లోహపు పూత, చేపల తొట్టి నీళ్ళు, స్లాబులోని ఇనప చువ్వలు, ఇవన్నీ సిగ్నల్‌ను తినేవే. ఓఎన్‌టీని, అంటే ఫైబర్ వచ్చి చేరే ఆ డబ్బాను, అక్కడే ఉంచి, దాని వైఫై ఆపేసి, ఒక ల్యాన్ వైరుతో విడి రౌటర్‌ను మెట్ల మలుపు దగ్గర గోడకు ఎత్తుగా బిగించాను. మెట్లసందు తెరిచి ఉంటుంది కాబట్టి సిగ్నల్ స్లాబును చీల్చుకోకుండా పైకి పోతుంది. యాంటెన్నా కొన నుంచి కాక పక్కల నుంచి ఎక్కువ వెదజల్లుతుంది, అందుకని ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టాలి. గదిలో సిగ్నల్ బలం మైనస్ 78 డీబీఎం ఉన్నది మైనస్ 60కి వచ్చింది (సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ). ఆటకు మైనస్ 67 కంటే దిగజారనివ్వకూడదు. మైనస్ 75 కంటే పడిపోతే ప్యాకెట్లు మళ్ళీమళ్ళీ పంపుకోవడంతోనే పొద్దు గడుస్తుంది.

రిపీటర్ కొనమని చాలామంది చెబుతారు. ఆటకు అది వద్దు. అదే ఛానల్ మీద విని అదే ఛానల్ మీద తిరిగి పంపే రిపీటర్ ఒక్కో ప్యాకెట్‌కు గాలిని రెండుసార్లు వాడుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పింగ్ మాత్రం ఇంకా ఊగుతుంది.

ఇంతా చేశాక రౌటర్ పింగ్ నిలబడింది. బయటి పింగ్ అప్పుడప్పుడు ఎగురుతూనే ఉంది. అది ఎవరో ఒకరి ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి ఫొటోలు బ్యాకప్‌కు ఎక్కుతున్న వేళ. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అనుకోండి. రౌటర్ తన వరుసలో ఒక మెగాబైట్ ఫొటోల డేటా పేర్చుకుంటే అది ఎనిమిది మెగాబిట్లు, పోవడానికి 0.4 సెకను. దాని వెనక నిలబడ్డ ఆట ప్యాకెట్‌కు 400 మిల్లీసెకన్ల ఆలస్యం. దీనికి మందు రౌటర్‌లో ఎస్‌క్యూఎం, అంటే ఆ వరుసను పెరగనివ్వకుండా చూసే ఏర్పాటు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పట్టే రౌటర్లలో, ఎస్‌క్యూఎం పద్ధతుల్లో కేక్ అన్నదాన్ని ఎంచుకుని, అప్‌లోడ్ హద్దును నిజంగా వచ్చే దాంట్లో 90 శాతానికి, అంటే 20కి 18కి కట్టేయాలి. అప్పుడు వరుస లైనులో కాక రౌటర్ చేతిలో ఉంటుంది, అది ఆటలా కొద్దికొద్దిగా డేటా పంపేవాటి ప్యాకెట్లను ముందు పంపుతుంది. మామూలు రౌటర్లలో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ పేరుతో ఫోన్లకు అప్‌లోడ్ హద్దు పెట్టినా చాలావరకు పనవుతుంది. డౌన్‌లోడ్‌కూ ఇదే లెక్క.

లైను సంగతి కూడా చూడాలి. ఓఎన్‌టీ సెట్టింగ్స్ పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ అని ఉంటుంది, అంటే ఫైబర్‌లో డబ్బాకు అందే వెలుగు బలం. మామూలుగా వాడే క్లాస్ బీ ప్లస్ జీపాన్‌లో (ఇళ్ళకు ఫైబర్ పంచే పద్ధతి) ఓఎన్‌టీ పట్టగల హద్దు మైనస్ 27 డీబీఎం. మైనస్ 18, 24 మధ్య ఉంటే నిశ్చింత. 26 దగ్గర ఊగుతుంటే ఫైబర్ ఎక్కడో మడత పడింది, లేదా కనెక్టర్‌లో దుమ్ము చేరింది, లేదా పచ్చ కనెక్టర్‌ను నీలం సాకెట్లో గుచ్చారు. పచ్చదాని కొన ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, నీలందానితో సరిగా ఆనదు. కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు "ల్యాగ్ వస్తోంది" అంటే పని జరగదు. కేబుల్ మీద తీసిన రెండు పింగ్‌ల ఫొటో, ఎగిరిన వేళలు, ఆర్‌ఎక్స్ పవర్ అంకె పంపితే జరుగుతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ లిప్తపాటులో డబ్బా రీస్టార్ట్ అయితే ఆట పోయినట్టే. 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాలి. కొనేముందు ఓఎన్‌టీ, రౌటర్ రెండు అడాప్టర్ల మీద రాసిన ఆంపియర్లు కూడి చూసుకోండి. ఒకటి 1.5, ఇంకొకటి 1 అయితే 2 ఆంపియర్ల యూపీఎస్ చాలదు.

చివరికి గదికి కేబుల్ లాగేశాను. గాలి ఎంత సర్దినా అది పదిమందిదే, ఆట మీద పట్టుదల ఉన్నవాళ్ళకు వైరే శాశ్వత మార్గం. క్యాట్ 6, అసలు రాగిది అడిగి తీసుకోవాలి. సీసీఏ అని ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వంచితే తెగుతుంది. కరెంటు వైర్లున్న పైపులో దూర్చకుండా విడి పీవీసీ పైపు వేయాలి. బయటి గోడ మీదుగా పోతే ఎండకు తట్టుకునే నల్ల తొడుగుదే వాడాలి, మన ఎండకు ఇంట్లో వాడే తొడుగు పొడిపొడిగా రాలిపోతుంది. రెండు చివర్లా టీ568బీ అనే రంగుల వరుసలో కనెక్టర్లు కొట్టించి, కంప్యూటర్లో లింక్ స్పీడ్ చూడాలి. 1000 చూపించాలి. 100 దగ్గర ఆగితే నాలుగు జతల్లో ఏదో ఒకటి ఆనలేదని అర్థం. 100కు 1, 2, 3, 6 పిన్నులు చాలు కనుక నెట్ వస్తూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఆ కొన కోసి మళ్ళీ కొట్టించుకోండి.