వాడినే అడగండి

ఆదివారం పొద్దున్న హైదరాబాద్ ఎర్రగడ్డ రైతు బజార్‌లో నేను ఎక్కువసార్లు అనే మాట ఇది. కూరగాయలమ్మే ఆవిడ మా అబ్బాయిని చూసి నవ్వి, నా వైపు తిరిగి "బాబుకి ఏం కావాలమ్మా?" అంటుంది. నేను "వాడినే అడగండి" అంటాను. వాడికి 16 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఉండే జన్యుపరమైన తేడా, మాటలూ పనులూ నెమ్మదిగా వస్తాయి. చేతిలో చిన్న ఆల్బమ్ ఉంటుంది, అందులో టమాటా, బెండకాయ, ఆనపకాయ ఫోటోలు, ఒక్కో ఫోటో పక్కన అరకిలోనో పావుకిలోనో రాసి ఉంటుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న చాలామంది పిల్లలకు చెవితో విన్నదానికంటే కంటితో చూసింది బాగా గుర్తుంటుంది, అందుకే ఆ బొమ్మలు. వాడు ఫోటో చూసి, ఊపిరి తీసుకుని, "బెండకాయ. పావుకిలో" అంటాడు. "పావుకిలో" స్పష్టంగా రావడానికి మాకు ఏడు నెలలు పట్టింది.

వాడికి మూడేళ్లప్పుడు ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ వెళ్లాం, రెండేళ్ల క్రితం తిరిగి వచ్చేశాం. ఇప్పుడు సనత్‌నగర్‌లో మా అమ్మతో కలిసి ఉంటున్నాం. మాంచెస్టర్ వెళ్లిన కొత్తలో, వాడికి ఇంకా మాటలు రాక మేం టెన్షన్ పడుతున్న రోజుల్లో, ఒక స్పీచ్ థెరపిస్ట్ "ఇంట్లో రెండు భాషలుంటే పిల్లాడు తికమక పడతాడు, ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి" అని సలహా ఇచ్చారు. మేం విన్నాం. జోలపాటతో సహా అన్నీ ఆపేశాం, నేనూ మావారూ వంటింట్లో గొంతు తగ్గించి తెలుగు మాట్లాడుకునేవాళ్లం. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు రెండు భాషల మధ్య పెరిగినంత మాత్రాన, ఒకే భాషతో పెరిగే అలాంటి పిల్లలకంటే ఇంగ్లీషులో వెనకబడరని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ మధ్యే విదేశాలకు వెళ్లిన తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే చేతులు పట్టుకుని చెబుతున్నాను, తెలుగు ఆపకండి. మాటలు ఆలస్యమైతే ముందు చెవులు పరీక్ష చేయించండి. ఈ పిల్లల్లో చెవిలో జిగట ద్రవం చేరి వినికిడి తగ్గడం చాలా ఎక్కువ. మావాడికీ అదే ఉంది.

భాష ఆపేస్తే ఏం పోయిందో వీడియో కాల్‌లో తెలిసింది. అమ్మ "ఏం తిన్నావురా కన్నా?" అంటే వాడు నా మొహం చూసేవాడు, జవాబు నేను చెప్పేదాన్ని. అలా ఏళ్లు గడిచాయి. మాటలకు తోడుగా వాడికి అక్కడ మాకటన్ సైగలు నేర్పారు, అందులో థాంక్యూ అంటే అరచేతిని గడ్డం దగ్గర్నుంచి ముందుకు చాపాలి. మనవడు ముద్దు పంపుతున్నాడనుకుని అమ్మ ప్రతిసారీ తిరిగి ముద్దు పంపేది. ఆవిడ సంతోషం చూసి చాలా రోజులు నేను అసలు సంగతి చెప్పలేదు.

ఇక్కడికి వచ్చాక ఎవరు వాడితో మాట్లాడాలన్నా నన్నే అడగడం మొదలుపెట్టారు. నాకు కోపం వచ్చేది. కానీ వాళ్లు అడిగినా వాడు జవాబు చెప్పలేడు కదా, ఆ భాష మేమే వాడి దగ్గర్నుంచి తీసేసుకున్నాం.

వాడి వైకల్యం పేరుతో కూడా చిక్కే. ఇంగ్లండ్‌లో లెర్నింగ్ డిజేబిలిటీ అంటే మావాడిలాంటి వాళ్లే, తెలివికి సంబంధించిన వైకల్యం. ఇక్కడ స్కూళ్లలో ఆ మాటంటే డిస్‌లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) అనుకుంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం లెక్కించే 21 రకాల వైకల్యాల్లో ఈ రెండూ వేర్వేరు పేర్లతో ఉన్నాయి. ఇది తెలియక ఒక స్కూలుకు ఫోన్ చేసి లెర్నింగ్ డిజేబిలిటీ అన్నాను, "తప్పకుండా తీసుకురండి" అన్నారు, తీరా వాడిని చూశాక సీటు లేదన్నారు. పేపర్ల కోసం తిరిగేవాళ్లు ఇంటలెక్చువల్ డిజేబిలిటీ అనే రాయించుకోండి. అంచనాకు, శిక్షణకు బోయినపల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, తెలివికి సంబంధించిన వైకల్యాల కోసం. 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. దేశం నలుమూలల నుంచి తల్లిదండ్రులు వస్తారు. మన ఊళ్లోనే ఉన్నా చాలామంది తెలుగువాళ్లకు తెలియదు.

ఇంగ్లండ్‌లో మాకు నచ్చినవి లేవని అనను. ఇలాంటి పిల్లలకు 14 ఏళ్లు నిండితే జీపీ (మామూలు డాక్టర్) దగ్గర ఏటా ఒకసారి పూర్తి ఆరోగ్య పరీక్ష ఉంటుంది, తిరిగి వచ్చేముందు ఒకసారి చేయించాం. ఇక్కడ థైరాయిడ్, కళ్లు, చెవులు నేనే క్యాలెండర్‌లో రాసుకుని ఏటా చేయిస్తున్నాను. అక్కడ 16 నిండిన వాళ్లకు తమ నిర్ణయాలు తీసుకునే శక్తి ఉందనే ముందు అనుకోవాలి, లేదనేవాళ్లే అది చూపించాలి, 2005 నాటి చట్టం అలా చెబుతుంది. కానీ 11 ఏళ్లలో మా పక్కింటివాళ్లు వాడిని పేరుపెట్టి పిలిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ ఇస్త్రీ అతను, వాచ్‌మన్ భార్య, పాలబ్బాయి అందరికీ వాడి పేరు తెలుసు. వాడి బూట్లు కట్టడానికి, సంచి మోయడానికి, నోట్లో ముద్ద పెట్టడానికి కూడా అందరూ సిద్ధమే.

ముద్ద దగ్గరే అమ్మతో గొడవైంది. "వాడంత కష్టపడటం చూడలేనే, నేను కలిపి పెడితే పోయేదేముంది?" అంది. ఆవిడ ప్రేమను తప్పుపట్టలేను. అక్కడ నేర్చుకున్న ఒక పద్ధతి చెప్పాను: ఏ పనైనా చివరి మెట్టు నుంచి నేర్పాలి, అప్పుడు పని పూర్తిచేసింది తనేనన్న తృప్తి మొదటి రోజే దొరుకుతుంది. "అన్నీ నువ్వే పెట్టమ్మా, ఆఖరి ముద్ద మాత్రం వాణ్ణి కలుపుకోనీ" అన్నాను. తర్వాత ఆఖరి రెండు, ఆ తర్వాత పెరుగన్నం మొత్తం. సంక్రాంతికి పులిహోర దాకా వచ్చాడు. ఇప్పుడు అమ్మ పక్కన కూర్చుని "కలుపు, ఇంకా కలుపు" అంటుంటుంది, వాడికి ఆ మాటలన్నీ అలాగే వచ్చేశాయి. థెరపీ గదిలో కాదు, తెలుగు వాడికి కంచం ముందు వచ్చింది.

మెట్రో కూడా వెనక నుంచే నేర్పాం. ఎర్రగడ్డలో ఎక్కితే ఈఎస్‌ఐ, ఎస్ఆర్ నగర్, మూడోది అమీర్‌పేట. మొదట అమీర్‌పేటలో వాడు ముందు నడిచి నన్ను బయటికి తీసుకెళ్లడం, తర్వాత దిగాల్సిన చోట నన్ను లేపడం, అలా. మూడు వేళ్లు చాపి స్టేషన్‌కి ఒకటి చొప్పున మడుస్తాడు. ఇంకా ఒంటరిగా పంపలేదు, నాకు భయం పోలేదు. ఒకరోజు ఒక పెద్దాయన లేచి సీటిచ్చి, "దిగాక ఎటు వెళ్తారు?" అని నన్ను కాకుండా వాడినే అడిగారు. వాడు ఆలోచిస్తూ ఉండిపోయాడు. నా నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఆయన కూడా ఆగారు. "అత్తయ్య ఇల్లు" అన్నాడు. వాడికి కావాల్సిన సాయం చాలావరకు అంతే, ఓ పది సెకన్ల టైమ్. వాడు మాట వెతుక్కుంటున్నప్పుడు మనం అందిస్తే, వెతకడం మానేస్తాడు.

రెండేళ్లకు 18 నిండుతాయి. అప్పుడు గార్డియన్‌షిప్‌కి, అంటే చట్టపరంగా వాడి తరఫున చూసుకునే హక్కుకి, కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆ ఏర్పాటు ఉంది. పెట్టాలా వద్దా అని మావారూ నేనూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి ఆ మాటలు వాడి ముందే, వాడికి అర్థమయ్యే తెలుగులో మాట్లాడుకుంటున్నాం.

మొన్న ఆదివారం ఆల్బమ్‌లోవన్నీ కొనడం అయిపోయింది, నేను సంచి సర్దుతున్నాను. వాడు కదల్లేదు. పక్క బుట్ట వైపు వేలు చూపించి నిలబడ్డాడు. కూరగాయలావిడ ఈసారి నన్ను చూడలేదు, "ఏం కావాలి నాన్నా?" అని వాడినే అడిగి, చేతిలో తక్కెడ అలాగే పట్టుకుని ఆగింది. వెనకాల ఇద్దరు నిలబడి ఉన్నారు, అయినా ఆగింది.

"సీతాఫలం" అన్నాడు. అది ఆల్బమ్‌లో లేదు. నేనెప్పుడూ నేర్పలేదు, అమ్మ దగ్గర విన్నట్టున్నాడు. రెండు కొన్నాం. ఒకటి అమ్మమ్మకట.