పొటోసి కొండలో పాదరసం చేసిన పని

పొటోసి పేరెత్తగానే చాలాచోట్ల ఒక అంకె వినిపిస్తుంది: ఆ వెండికొండ 80 లక్షల మందిని మింగిందని. ఆ అంకె వెనక చావుల పట్టీ అంటూ ఏదీ లేదు. అక్కడ జరిగింది చిన్నదని కాదు. కానీ అంత పెద్ద అంకె ముందు పెట్టుకుంటే అసలు పని ఎలా నడిచిందో చూడాలనిపించదు. వెండి తీసే పద్ధతి 1572లో మారింది. ఆండీస్ కొండల జనం చేతిలోని పని పరాయివాళ్ల చేతిలోకి పోయింది అప్పుడే.

ఇప్పటి బొలీవియాలో, సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్ల ఎత్తున ఉంది ఊరు. కొండ శిఖరం దాదాపు 4,800 మీటర్లు. 1545లో అక్కడ వెండి ఉందని బయటపడింది. చెట్టూ చేమా లేని చోటు. స్పెయిన్ వాళ్లు తమ అలవాటు ప్రకారం తోలుతిత్తులతో ఊదే కొలుములు పెట్టి చూశారు, ఫలితం రాలేదు. స్థానికుల దగ్గర మాత్రం హువైరా ఉంది. వాళ్ల భాష క్వెచువాలో ఆ మాటకు గాలి అని అర్థం.

హువైరా అంటే ఒళ్లంతా చిల్లులున్న మట్టి కొలిమి. దాన్ని గాలి బాగా వీచే వాలు మీద నిలబెడతారు. తిత్తి అక్కర్లేదు, గాలే ఊదుతుంది. పొయ్యిలోకి ఎండిన లామా పేడ, ఇచు గడ్డి, యరేతా అనే జిగురు మొక్క. ఖనిజంలో సీసపు రాయి కలుపుతారు. కరిగిన సీసం వెండిని తనలోకి లాక్కుంటుంది. ఆ ముద్దను ఇంట్లో చిన్న కుంపటి మీద పెట్టి, గొట్టాలతో ఊదుతూ సీసాన్ని వదిలిస్తే వెండి మిగులుతుంది. 1585 నాటి ఒక వివరణ అలాంటి కొలుములు ఆరు వేలకు పైగా ఉన్నాయని లెక్కగట్టింది. రాత్రిపూట కొండవాలంతా దీపాలు పెట్టినట్టు ఉండేదట.

ఈ పద్ధతి తెలిసినవాళ్లు స్థానికులే. గని యజమాని స్పెయిన్ వాడే అయినా, రాయిని వెండిగా మార్చడం అతని చేతకాదు. అందుకే తొలి పాతికేళ్లలో యజమానికి ఇంత వెండి అని ముట్టజెప్పి మిగతాది తాము ఉంచుకునే పనివాళ్లు చాలామంది ఉన్నారు. దాన్ని స్వర్గమని అనలేం కానీ, బేరమాడే శక్తి వాళ్లకు ఉంది. హువైరాకు మేలురకం ఖనిజం కావాలి. 1560ల్లో పైపొరల్లో అది తరిగిపోయింది, రాబడి పడిపోయింది.

అప్పుడు వచ్చింది పాదరసం. మెక్సికోలో పచూకా దగ్గర బార్తొలొమే దె మెదినా 1554లో పాదరసంతో వెండి తీసే పద్ధతిని నిలబెట్టాడు. పెరూ వైస్రాయి ఫ్రాన్సిస్కో దె తొలెదో దాన్ని పొటోసిలో అమల్లోకి తెచ్చాడు.

ముందు నీటిచక్రంతో లేచిపడే ఇనుప రోకళ్ల కింద రాయిని పిండి చేయాలి, జల్లెడ పట్టాలి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు. పిండిని పెట్టెల్లాంటి తొట్లలో పోస్తారు. ఒక్కో తొట్టికి యాభై కింటాళ్లు, అప్పటి కింటాలు 46 కిలోలు కాబట్టి 2,300 కిలోలు. నీళ్లు, ఉప్పు వేసి, గుడ్డలోంచి పాదరసాన్ని సన్నటి చినుకులుగా పిండుతూ చల్లుతారు. తర్వాత మనుషులు వట్టి కాళ్లతో ఆ బురదను తొక్కాలి. ఉప్పు వెండిని రాతి బంధం నుంచి విడిపిస్తుంది, పాదరసం దాన్ని పట్టుకుంటుంది. ఆ ఎత్తులో చలికి రసాయన చర్య మందగిస్తుంది, అందుకే మొదట్లో తొట్ల కింద మంట పెట్టారు. మంటకు కట్టెలేవీ? ఆ చిక్కు మళ్లీ మొదటికొచ్చింది.

మధ్యమధ్యలో మేస్త్రి గుప్పెడు బురద తీసి గిన్నెలో కడిగి, పాదరసం రంగు చూసి ఇంకేం వేయాలో నిర్ణయిస్తాడు. ఇక్కడ లెక్క తప్పితే పాదరసం పిండిలా చిట్లి, కడిగేటప్పుడు నీళ్లతో పోతుంది, దాంతోపాటు వెండీ పోతుంది. సరిగ్గా కుదిరితే ముద్దను గుడ్డలో పిండి, శంకువు ఆకారపు అచ్చులో పెట్టి వేడి చేస్తారు. పాదరసం ఆవిరై పోయి, తేనెపట్టులా చిల్లుల వెండి మిగులుతుంది. ఆవిరిని పైన మూత పెట్టి పట్టుకున్నా కొంత జారిపోతుంది. మొత్తం మీద కిలో వెండికి కిలోకు పైగా, ఒక్కోసారి రెండు కిలోల దాకా పాదరసం ఖర్చు. అది తొక్కినవాళ్ల ఒంట్లోకి, వాగుల్లోకి, గాలిలోకి చేరింది.

ఆ పాదరసం పెరూలోని వాంకవెలికా గని నుంచి వచ్చేది, దాని అమ్మకం రాజుగారి గుత్తాధిపత్యం. ఎవరు ఎంత కొన్నారో చూస్తే ఎంత వెండి తీశారో ఖజానా అంచనా వేసుకోగలదు. రోకలి మిల్లుకీ, దాని చక్రం తిప్పే నీటికోసం పైన కట్టే చెరువులకీ పెట్టుబడి కావాలి. అది స్పెయిన్ వాళ్ల దగ్గరే ఉంది. హువైరా ఒక్కసారిగా ఆరిపోలేదు, కానీ పని తెలియడం వల్ల వచ్చే బలం పోయింది. ఇప్పుడు కావలసింది ఖనిజం మోసే భుజాలూ, తొక్కే కాళ్లూ.

వాటికోసం తొలెదో మితాను వాడుకున్నాడు. క్వెచువాలో మిత అంటే వంతు, అచ్చంగా మన వంతే. స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడ ఏలిన ఇన్కా రాజుల కాలంలో వంతుకొచ్చినవాడికి తిండి, మద్యం రాజ్యమే పెట్టేది. తొలెదో పేరు ఉంచి ఆ తిండి తీసేశాడు. పదహారు మండలాల నుంచి, 18–50 ఏళ్ల మగవాళ్లలో ఏడోవంతు, ఏడాదికి దాదాపు 13,500 మంది. వాళ్లను మూడు బృందాలు చేసి ఒక వారం పని, రెండు వారాలు విరామం. కూలి గనిలో రోజుకు మూడున్నర రియాళ్లు (స్పెయిన్ వెండి నాణేలు), మోతకు మూడు, మిల్లులో రెండుముప్పావు. ఎనిమిది రియాళ్లు ఒక పెసో కాబట్టి గనిలో వారానికి సుమారు రెండున్నర పెసోలు. పొటోసిలో ప్రతి గింజా బయటి నుంచి రావాలి, ఆ ధరలకు ఈ డబ్బు చాలదు. విరామం వారాల్లో మళ్లీ కూలికి పోవాల్సిందే. కూస్కో వైపు ఊళ్ల నుంచి నడిచి రావడానికి రెండు నెలలు, దారిఖర్చు చట్టంలో ఉన్నా చేతికి అందడం అరుదు. మన వెట్టితో పోల్చాలనిపిస్తుంది, కానీ మితాలో కూలి ఉంది. ఆ కూలి చూపించే దాన్ని సమర్థించేవారు.

గనిలో తోలుతాళ్ల నిచ్చెనలు, అడ్డంగా కర్రమెట్లు. దుప్పటిలో రెండు అరోబాలు, అంటే 23 కిలోల రాయి మూటగట్టి, కొసలు రొమ్ము మీద ముడివేసుకుని ముగ్గురు ముగ్గురుగా ఎక్కేవారు. ముందున్నవాడి బొటనవేలికి కొవ్వొత్తి కట్టి ఉంటుంది, ఎందుకంటే రెండు చేతులూ నిచ్చెన పట్టుకోవడానికే కావాలి.

ఈ ఏర్పాటులో ఘోరం కోటా లెక్కలో ఉంది. రోగాలతో జనం తగ్గుతున్నా కోటా మాత్రం పాత లెక్క ప్రకారమే. సొంత ఊరు వదిలి వేరే చోట స్థిరపడ్డవాడు ఫొరాస్తెరో, అంటే పరాయివాడు, వాడికి మితా లేదు. కాబట్టి పారిపోవడమే తెలివైన పని. కానీ పోయినవాడి వంతు మిగిలినవాళ్ల మీద పడుతుంది, వాళ్లూ పోవాలనుకుంటారు. ఏడేళ్లకోసారి రావాల్సిన వంతు రెండు మూడేళ్లకే వచ్చేది. మనిషిని పంపలేని ఊరిపెద్ద కురాకా డబ్బు కట్టాలి, లేదా జైలు. ఆ డబ్బుతో కూలివాడిని పెట్టుకోకుండా జేబులో వేసుకునే యజమానులూ ఉన్నారు. ఇలాంటి కాగితపు కూలీని అప్పట్లో ‘జేబు ఇండియన్’ అనేవారు. గని తవ్వకుండానే గని ఆదాయం! 1690ల నాటికి కోటా నాలుగు వేలకు దిగింది, మితా పోయింది మాత్రం 1812లో స్పెయిన్‌లోని కాదిస్ చట్టసభ తీర్మానంతో.

ఆ వెండి నాణేలై సముద్రాలు దాటింది. 1600ల మొదట్లో మచిలీపట్నంలో కొఠీలు పెట్టిన డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు అద్దకం బట్టల కోసం తెచ్చిన సొమ్ములో స్పానిష్ రియాళ్లు ఉన్నాయి. ఇక్కడ వరహా చలామణీ కాబట్టి వాటిని మార్చుకోవాల్సి వచ్చేది.

పొటోసిలో 18వ శతాబ్దానికి ఒక చిత్రమైన అలవాటు స్థిరపడింది. శనివారం సాయంత్రం పని ఆగగానే కహ్చాలు అనే స్థానికులు గనిలోకి దిగేవారు. సోమవారం తెల్లవారేదాకా దొరికిన మంచి రాయి వాళ్లదే. చదును బండ మీద గుండ్రాయిని అటూఇటూ ఊపుతూ పిండి చేసే చిన్న మరలు, త్రపిచేలు, ఊరి అంచున వందల్లో లేచాయి. ఇది దొంగతనమని యజమానులు ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు, ఆపలేకపోయారు. వెండి కొనే బ్యాంకు కూడా కహ్చాల దగ్గర కొనేది. పైగా శనివారం రాత్రి దిగినవాళ్లలో చాలామంది వారంలో ఆ యజమానుల గనుల్లోనే పనిచేసేవాళ్లు. గట్టిగా పట్టుకుంటే సోమవారం తవ్వడానికి మనిషి దొరకడు.