నా లింకు ఫేక్ అన్నారు నాన్న

లేవగానే ఫోన్ పట్టుకోకూడదని రోజూ అనుకుంటాను, ఇవాళ కూడా అదే చేశాను. ఎక్కడెక్కడో తిరిగి నాసా వాళ్ళ వాయేజర్ పేజీ దగ్గర తేలాను. 1977 సెప్టెంబర్ 5న బయల్దేరిన వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక ఇప్పుడు మన నుంచి ఎంత దూరంలో ఉందో అందులో చూపిస్తుంటారు, పెట్రోలు కొట్టేటప్పుడు మీటరు తిరిగినట్టు అంకెలు గిర్రున మారిపోతుంటాయి. సుమారు రెండున్నర వేల కోట్ల కిలోమీటర్లు! అక్కణ్ణుంచి సిగ్నల్ రావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. ముఖం కూడా కడుక్కోకుండా ఇంటి గ్రూపులో పడేశాను, స్నేహితుల గ్రూపులోనూ పడేశాను.

తర్వాత ఏమవుతుందో తెలిసిందే. రెండు బొటనవేళ్ళు, ఒక దండం (దండం ఎందుకో!). అక్క విడిగా మెసేజ్ పెట్టి "నొక్కితే ఫోన్‌కేం కాదు కదా?" అని అడిగింది. ఒక స్నేహితుడు పేజీ తెరిచి కూడా ఉండడు, వెంటనే పిల్లి వీడియో పంపాడు. నేనేం తక్కువ తినలేదు, నిన్న వాడు పంపిన ఇరవై నిమిషాల వీడియోకి చూడకుండానే "సూపర్" కొట్టాను.

మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశారు. "ఏరా, నువ్వు పంపింది ఫేక్‌లా ఉంది, చూసుకున్నావా?"

దీనికో పాత కథ ఉంది. చైనా గోడ చంద్రుడి మీంచి కనిపిస్తుందని ఆయన ఒకసారి గ్రూపులో పెడితే, కనిపించదని అందరి ముందూ తేల్చింది నేనే. అప్పట్నుంచి ఆయన ఏం పంపినా "ఎక్కడిది నాన్నా ఇది?" అంటూనే ఉన్నాను. ఇవాళ ఆయన వంతొచ్చింది.

"దూరంగా పోతోందన్నావు కదా, పావుగంట నుంచి చూస్తున్నా, అంకె తగ్గుతోంది. వెనక్కి వస్తోందా?"

నవ్వుతూనే పేజీ తెరిచాను. నిజంగానే తగ్గుతోంది. పొద్దున అంతసేపు నోరు తెరుచుకుని చూశాను గానీ, అంకె పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూడనే లేదు.

కూర్చుని వెతికితే విషయం అర్థమైంది. వాయేజర్ సెకనుకి 17 కిలోమీటర్ల చొప్పున సూర్యుడికి దూరంగా పోతోంది, మన భూమేమో సూర్యుడి చుట్టూ సెకనుకి దాదాపు 30 కిలోమీటర్లు తిరుగుతోంది. ఏడాదిలో కొన్ని నెలలు భూమి దాని వైపే పరిగెడుతుంది కాబట్టి ఆ రోజుల్లో మనకీ దానికీ మధ్య దూరం తగ్గుతుంది, తర్వాత మళ్ళీ పెరుగుతుంది. సూర్యుడి నుంచి దూరం మాత్రం పెరగడమే తప్ప తగ్గడం లేదు. ఇదంతా చెబితే నాన్న ఒక్క ముక్కలో "అయితే అది రావట్లేదు, మనమే వెంటపడుతున్నాం" అన్నారు.

ఫోన్ స్పీకర్‌లో ఉన్నట్టుంది, వెనకనుంచి అమ్మ "అందులో ఏదో గ్రామఫోన్ రికార్డు పెట్టారంటారే, అదేనా?" అంది. అదే. 55 భాషల్లో పలకరింపులున్నాయి, తెలుగు కూడా ఉంది. ఆ ఆడియో వెతికి పంపాను. మొత్తం కొన్ని సెకన్లే. అమ్మ మూడుసార్లు విని "అంత దూరం పంపేటప్పుడు ఇంకో రెండు మాటలు చెప్పాల్సింది" అంది. దాని కింద మాత్రం జవాబులే జవాబులు, పొద్దున లింకంటే భయపడిన అక్కతో సహా.

రాత్రి నాన్న నోటుబుక్కు పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. మధ్యాహ్నం అంకె, సాయంత్రం అంకె, కింద గీత గీసి తీసివేత, పక్కన "సరిచూడు" అని నాకు. ఒకచోట అప్పు తెచ్చుకోవడం మర్చిపోయారు. గ్రూపులో ఏమీ అనలేదు, ఆయనకి విడిగా పంపాను.