కంచె వేయిద్దామన్న మనిషి

ఉదయం వచ్చి వెళ్ళిన సంబంధం గురించి నా చేత ఒక మాట పలికించాలని అమ్మ సాయంత్రం నుంచి చూస్తోంది. పాలు పితికేటప్పుడు అడిగింది, అన్నం దగ్గర అడిగింది, పడుకునే ముందు మళ్ళీ అడిగింది. ఔననో కాదనో ఒక జవాబు నా దగ్గర ఉంటే ఈపాటికి చెప్పేసేదాన్ని. అబ్బాయి మర్యాదస్తుడు, నెమ్మదైనవాడు, బెంగళూరులో మంచి ఉద్యోగం చేస్తూ కూడా పల్లెకు వచ్చి స్థిరపడాలని నిజంగానే కోరుకుంటున్నవాడు. అయినా గట్టు మీద నిలబడి అతను అన్న ఒక మాట ఇంత రాత్రి దాకా నన్ను నిద్రపోనివ్వడం లేదు. "ముందు చుట్టూ సోలార్ కంచె వేయించాలండీ. లేకపోతే ఎవరెవరివో గొర్రెలు వచ్చి మీ కష్టమంతా మేసేస్తాయి" అన్నాడు.

అందులో తప్పేముందని అమ్మ అంటుంది. ఎక్కడుందో నేనూ వెతుకుతున్నాను.

అతను ఎవరెవరివో అన్న ఆ గొర్రెలు నాయన కాలం నుంచి ఏటా వానలకు ముందు మా కిందిచేలో రాత్రిళ్ళు నిలిచే మందలోవి. కాపరి కుటుంబానికి మేము కొంత డబ్బు, కొన్ని తిండిగింజలు ఇస్తాం. పెంటికలూ మూత్రమూ నేలకు దక్కుతాయి. మాది పలుచని ఎర్రనేల. ఏడాది మొత్తానికి ఈ ప్రాంతంలో సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అవుతాయి, ఈశాన్య రుతుపవనాలు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. ఇలాంటి నేలలో చెత్త కుళ్ళి ఎరువు కావడానికి కూడా తేమ చాలదు కనుక, పశువు కడుపులో అరిగి వచ్చిన ఎరువే తొందరగా పనికి వస్తుంది. ఇదంతా అతనికి తెలియకపోవడం నాకు కష్టం కలిగించలేదు, చెబితే తెలుసుకుంటాడు. గొర్రెల వెనుక మనుషులు ఉన్నారని అతనికి తట్టకపోవడం కష్టం కలిగించింది. కాపరి భార్య అప్పుడు అక్కడే, వేపచెట్టు కింద మూడు రాళ్ళ పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. ఆమెకు ఆ మాట వినబడే ఉంటుంది.

సంబంధాలు చూసే పెద్దమనిషి మీద కూడా నాకు ఈ రాత్రి కోపంగానే ఉంది. నా బయోడేటాలో వృత్తి దగ్గర వ్యవసాయం అని ఉంటే ఫోన్లు రావని ఆయన మొదటి నుంచీ అంటున్నాడు. మగపిల్లవాడు వ్యవసాయం అని రాసుకుంటేనే పిల్లనివ్వని రోజుల్లో ఆడపిల్ల రాసుకోవడమేమిటని ఆయన వాదన. అది అబద్ధమని నేను అనలేను. మా చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై దాటినా పెళ్ళికాని రైతుబిడ్డలు ఎందరో ఉన్నారు, పెళ్ళి కుదరడం కోసమే పొలం కౌలుకిచ్చి బెంగళూరులో డెలివరీ పనికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఒకరిని చేసుకోరాదా అని మా తమ్ముడు చిన్నోడు అడిగాడు. అదీ ప్రయత్నించాం. పొలం ఉన్న ఆ ఇంటివాళ్ళు కోడలు టౌనులో ఉద్యోగం చేయాలన్నారు, పుట్టబోయే పిల్లలైనా ఈ మట్టిలోంచి బయటపడాలన్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు, ఎండిపోయిన బోర్ల అప్పు తీర్చిన ఇల్లు అది. కానీ పొలం ఉన్నవాడికి వదిలి వెళ్ళాలని, లేనివాడికి వచ్చి చేరాలని ఉన్నప్పుడు, ఇక్కడే పుట్టి ఇక్కడే ఉండాలనుకునే నాకు జోడీ ఎక్కడ దొరుకుతుంది? అందుకే "నేలను నమ్ముకుని పల్లెలో బతకాలనే ఆలోచన కలిసినవారు కావాలి" అని బయోడేటాలో పట్టుబట్టి రాయించాను. ఆ వాక్యం చూసే ఇతను వచ్చాడు.

ఆలోచన కలిసింది కూడా. అన్యాయంగా రాయకూడదు. ప్రకృతి పద్ధతిని చూసి పొలాన్ని తీర్చిదిద్దుకునే పర్మాకల్చర్‌లో 72 గంటల శిక్షణ పూర్తి చేశాడు. జహీరాబాద్ దగ్గర బిడకన్నెలో పద్మ, నర్సన్న దంపతులు చెట్టూ పంటా కలిపి పెంచిన పొలాన్ని చూసి వచ్చానని చెబుతున్నప్పుడు అతని ముఖం వెలిగింది, నేనూ ఆ పొలం చూసినదాన్నే కనుక ఇద్దరం కాసేపు మిగతావాళ్ళను మరిచిపోయి మాట్లాడుకున్నాం. మా పైచేలో ఏప్రిల్‌లో పొడినేల మీదనే చల్లిన నవధాన్య విత్తనాలు మొన్నటి వానకు మొలిచాయి. ఆవుపేడ, మూత్రంతో చేసే బీజామృతం, బంకమట్టి, బూడిద పట్టించి గుళికలు చేసి చల్లి, మీద వేరుశనగ పొట్టు కప్పిన చేను అది. అతను మోకాళ్ళ మీద కూర్చుని పొట్టు పక్కకు తీసి, కింద మట్టి తడిగా ఉందో లేదో వేలితో చూసి, మళ్ళీ కప్పాడు. మళ్ళీ కప్పడం నాకు చాలా నచ్చింది.

అదే సమయంలో అతని బావ వరండాలో కూర్చుని, పొలం పాస్‌పుస్తకం ఎవరి పేర ఉందని అమ్మను అడిగాడు. "పాప పేరుతోనే ఉండాది నాయనా" అని అమ్మ చెబితే, "సరేలే, పెళ్ళయినాక మార్చుకోవచ్చు" అన్నాడట. అమ్మ ఈ సంగతి నాకు రాత్రి చెప్పింది, అదీ నేను రెండుసార్లు గుచ్చి అడిగితే. పెద్దవాళ్ళు అలాగే అంటారు, పట్టించుకోవద్దని కూడా చెప్పింది. నేను పట్టించుకుంటాను. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. చట్టం వచ్చినా మా ఊళ్ళో ఎందరు ఆడవాళ్ళు పసుపుకుంకుమల పేరు చెప్పి సంతకం పెట్టి వాటా వదిలేశారో నాకు తెలుసు. నాయన పోయాక చిన్నోడు తనంతట తాను వచ్చి, "అక్కా, చేసేదానివి నువ్వే కదా, నీ పేరుతోనే ఉండనీ" అని సంతకం పెట్టిన రోజు ఈ ఇంట్లో ఎంత పెద్ద రోజో ఆ బావగారికి ఎలా తెలుస్తుంది?

ఈ పాస్‌పుస్తకం మాటతోనే అవ్వ గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చాక ఇక వేరే ఆలోచన సాగలేదు.

అవ్వకూ తాతకూ జీవితంలో ఏ ఒక్క విషయంలోనూ ఆలోచన కలవలేదు. తాతకు వేరుశనగ ఒక్కటే పంట; టీఎంవీ-2 రకం గింజ వేయాలి, కాయ అమ్మాలి, అప్పు తీర్చాలి, మళ్ళీ అప్పు తెచ్చి వేయాలి. అవ్వకు సాళ్ళలో కందీ, అలసందా, అనుములూ ఉండాలి, గట్టు వెంట జొన్న ఉండాలి, పల్లపు చెక్కలో కొర్ర ఉండాలి. ఆ చిల్లర గింజల వల్ల వేరుశనగ దిగుబడి పోతుందని తాత కోప్పడేవాడు. చివరి మాట ఎప్పుడూ ఆయనదే కనుక, అవ్వ వాదించడం మానేసి విత్తనం దాచడం మొదలుపెట్టింది. బూడిద, ఎండిన వేపాకు కలిపి మట్టిబానల్లో పోసి, మూతికి పేడతో మెత్తి, అటక మీద పాత గంపల వెనుక పెట్టేది. ఆ బానల సంగతి పిల్లలకు తెలుసు, తాతకు తెలియదు. లేదా తెలిసినా తెలియనట్టు ఉండేవాడేమో.

2002లో ముంగారు వాన, అంటే తొలకరి వాన ఒకటి పడగానే తాత చేనంతా వేరుశనగ వేశాడు. ఆ జూలైలో దేశమంతా వాన మొహం చూడలేదు. మొక్క ఎలాగో బతికి పూత పూసింది కానీ, నేల గట్టిపడి, పూత నుంచి కిందికి సాగే ఊడ దిగలేదు. ఊడ మట్టిలోకి దిగకపోతే కాయ లేదు. తాత పొద్దున్నే వెళ్ళి సాలు సాలుకూ కూర్చుని ఊడలు వేలితో తాకి చూసేవాడు. ఆయన వెంట నేనూ వెళ్ళేదాన్ని. ఏం చూస్తున్నావు తాతా అంటే చెప్పేవాడు కాదు. తరువాత ఎప్పుడో హింగారులో, అంటే ఈశాన్య రుతుపవనాల కాలంలో రెండు వానలు వచ్చాయి. ఆ సాయంత్రం అవ్వ ఎవరినీ అడగకుండా అటక ఎక్కి బానలు దించింది. ఒకదానిలో ఉలవలు, ఒకదానిలో కొర్రలు. మరునాడు తాత ఒక్క మాట కూడా అనకుండా ఎద్దులను కట్టాడు, అవ్వ వెనుక నడుస్తూ చల్లింది. ఆ చలికాలం మేము కొర్రన్నం, ఉలవచారు తిన్నాం. ఉలవపొట్టు తిని ఎద్దులు బతికాయి. పక్క ఊళ్ళలో చాలామంది ఎద్దులను సంతకు తోలారు.

ఇంతవరకు రాసేసరికి నాకు అనిపించింది: ఆలోచన కలిసిన మనిషి కావాలని బయోడేటాలో ఎందుకు రాశాను? ఆలోచన కలవని ఇద్దరే ఈ చేను నిలిపారు. ఇద్దరూ ఒకే రకంగా ఆలోచించి, తాతలాగే అవ్వ కూడా గింజ లేకుండా అమ్మేసి ఉంటే ఆ ఏడు ఎద్దులు పోయేవి, తరువాతి ఏడు నేలా పోయేది. కనుక ఈ కంచె మాట పట్టుకుని ఇంత బాధపడవలసిన అవసరం లేదు, భిన్నంగా ఆలోచించేవాడు ఉండడమే మంచిది అని మొదట అనుకున్నాను. అమ్మను లేపి చెబుదామని కూడా లేచాను.

లేచాక ఆగాను. ఈ కథను ఇన్నేళ్ళుగా మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటూ వచ్చాం కానీ, అవ్వ ఎందుకు దాచవలసి వచ్చిందని ఎవరమూ అడగలేదు. ఆమె రాత్రీ పగలూ చాకిరీ చేసిన నేలలో ఏ గింజ పడాలో చెప్పే హక్కు ఆమెకు లేదు. పుస్తకంలో ఆమె పేరు లేదు, సొసైటీలో ఆమె పేరు లేదు, ఆమెను రైతు అని పిలిచినవాళ్ళు లేరు. వాన పడి ఉంటే ఆ బానలు అటక మీదే ఉండేవి, ఆమె తెలివి కూడా అక్కడే ఉండిపోయేది. దాన్ని దాంపత్యమని మురిసిపోవడం నాకు ఇక చేతకాదు. నాకు కావలసింది విత్తనం దాచుకోనక్కరలేని ఇల్లు. అవతలి మనిషి వేరుశనగే అననీ, కొర్రే అననీ, కూర్చుని గట్టిగా వాదించి, నాలుగు సాళ్ళు ఇలా నాలుగు సాళ్ళు అలా వేసి చూద్దామనగలిగితే చాలు.

అలా చూస్తే కంచె మాట కూడా మరోలా కనబడుతోంది. నిజం చెప్పాలంటే అతని భయానికి కారణం ఉంది. ఏడాది పొడవునా, 365 రోజులూ నేల మీద పచ్చదనం ఉండాలని ప్రకృతి వ్యవసాయంలో చెబుతారు కదా. పంటకోత అయ్యాక ఊళ్ళో పశువులన్నీ విచ్చలవిడిగా తిరిగే చోట అది ఎంత కష్టమో నేను అనుభవిస్తున్నాను. పైచేలో ఇప్పుడు మొలిచిన నవధాన్యాన్ని మేకలు ఒక్క పూటలో ముగించగలవు. కిందిచేలో మంద కావాలి, పైచేలోకి రాకూడదు. ఈ రెండూ ఒకే కాపరితో మాట్లాడుకోవలసిన విషయాలు. 1990లో రాయలసీమలోని చెన్నేకొత్తపల్లి దగ్గర బీడుపడిన 32 ఎకరాలను మిత్రులతో కలిసి కొని, టింబక్టు అని పేరు పెట్టి ఆ నేలను మళ్ళీ నిలబెట్టిన మేరీ వట్టమట్టం, బబ్లూ గంగూలీ దంపతులను తలచుకున్నప్పుడల్లా నాకు అసూయ కలుగుతుంది, ఇద్దరికీ ఒకే కల ఎలా వచ్చిందా అని. కానీ వాళ్ళ పని తమ గట్లతో ఆగలేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కాపలా కాసి, నిప్పు నుంచి కాపాడి కల్పవల్లి అడవిని తిరిగి పెంచారు, అక్కడ గొర్రెలు మేస్తూనే ఉన్నాయి. ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ నాలుగెకరాల్లో బతికేయవచ్చని బెంగళూరులో కూర్చుని అనుకోవచ్చు. ఇక్కడ బోరు మోటారు కాలితే తీయడానికి పదిమంది కావాలి, రాత్రి ఆవు ఈనితే పక్కచేను మామ రావాలి, కలుపుకు వచ్చే ఆడవాళ్ళకు మనం నచ్చాలి. నేను వెతుకుతున్న మనిషి నాతో పాటు వీళ్ళందరితోనూ సంసారం చేయవలసినవాడు. ఆ సంగతి ఒక వాక్యంలో బయోడేటాలో ఎలా రాయాలో నాకు తోచడం లేదు.

రేపు నేనే ఫోన్ చేస్తాను. మధ్యవర్తిని అడిగితే ఆయన మరో పది మాటలు కలిపి చెబుతాడు. మళ్ళీ రమ్మంటాను, ఈసారి అక్కా బావా లేకుండా, సెలవు పెట్టుకుని, వేరుశనగలో కలుపు తీసే రోజుల్లో వచ్చి పెదనాన్నవాళ్ళ ఇంట్లో కొన్నాళ్ళు ఉండమంటాను. పాస్‌పుస్తకం మార్చేది లేదని ముందుగానే చెబుతాను. బావగారి ప్రశ్న తనది కూడానా అని సూటిగా అడుగుతాను. నా లెక్కల పుస్తకం మొత్తం, పోయిన ఏడు నష్టం వచ్చిన పుటతో సహా అతని ముందు పెడతాను. ఉద్యోగం మానేశాక చేతిలో ఎంత ఉంటుందో, అప్పులేమైనా ఉన్నాయో, వాన లేని రెండేళ్ళు వరసగా వస్తే తను ఏం చేయాలనుకుంటున్నాడో అతను కూడా చెప్పాలి. అమ్మకు పొద్దున చెప్పబోయే జవాబు ఇంతే: అడగవలసినవి అడిగాక చెబుతాను, అంతవరకూ ఎవరికీ మాట ఇవ్వవద్దు.